డ్రైవర్ లేని కారులో ఏడుపు

ఈ రోజు మధ్యాహ్నం మేముండే సన్నీవేల్‌లోని వెటర్నరీ క్లినిక్‌లో మా పిల్లి చనిపోయింది. ఆ బాధలో డ్రైవ్ చేయలేక, కారు అక్కడే వదిలేసి డ్రైవర్ లేని టాక్సీ బుక్ చేశాను. నాతో వచ్చిన మా అమ్మాయి ఖాళీ పిల్లి బుట్టను ఒళ్లో పెట్టుకుని దారంతా వెక్కి వెక్కి ఏడ్చింది.

"డ్రైవర్ ఉండుంటే పాపం, ఓదార్పుగా ఓ మాట అనేవాడు కదమ్మా," అన్నాను.

"నో నాన్నా. ఎవరూ లేరు, అందుకే ఏడుస్తున్నా. మనిషి ఉంటే ఎంబరాసింగ్," అంది.

ఇంటి ముందు ఆగాక కారు, "హ్యావ్ ఎ గ్రేట్ డే!" అంది హుషారుగా.

తనంతట తాను నడిచే కారు వస్తుందంటే చిన్నప్పుడు నోరు తెరుచుకుని వినేవాణ్ణి. అందులో కూర్చుని ఏడుస్తామని అప్పుడు తోచలేదు. నాకైతే ముందు సీట్లో ఓ మనిషి ఉంటే బాగుండేదనిపించింది. మీరేమంటారు?