చిన్నమామ అడిగిన పేరు

పోయిన ఆదివారం గద్వాలలో మా అక్క కూతురింటికి పోతే, భోజనాలయ్యాక టీవీలో ఆ యుద్ధం సినిమా వచ్చింది. మంచు కొండలు, అటొక స్నైపరు, ఇటొక స్నైపరు, ఒకరి కోసం ఒకరు రోజుల తరబడి మాటు వేయడం. సగంలో ఆమె భర్త ఫోన్‌లో ఏదో చదివి నవ్వాడు. "ఇదంతా ఉత్తదేనంట చిన్నత్తమ్మా. గా అవతలోడు అసలు పుట్టనే లేదంట." నేను మంచినీళ్ల మిషతో లేచి వంటింట్లోకి పోయి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఈ మాట మా ఇంట్లో ఒకసారి వినబడింది.

మా ఆయన వనపర్తిలో కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. ఆయన పక్కన కూర్చుని సినిమా చూడటం కంటే గోపాల్‌పేట దాకా నడిచి పోవడం సుఖం. చొక్కాకు ఆ గుండీ తప్పంటాడు, ఆ తుపాకి అప్పటికింకా తయారే కాలేదంటాడు, రిమోట్ నొక్కి ఆపుతాడు. పౌరాణికం చూస్తూ కూడా రథచక్రానికి ఆకులెన్నో లెక్కపెట్టిన మనిషి. రెండు గంటల సినిమా మా ఇంట్లో నాలుగు గంటలాడేది. ముసురు పట్టి ఎటూ కదల్లేని ఒక ఆషాఢం మధ్యాహ్నం ఈ సినిమా డిస్కే తెచ్చి పెట్టాడు. ఆ రోజు చిన్నమామ కూడా ఉన్నాడు. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. గోపాల్‌పేట పక్క పల్లెలో పల్లికాయ చేను అన్నలకొదిలేసి మిలిటరీకి పోయి, నడివయసులో తిరిగొచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. "వీనికి మాట తగ్గింది, చుట్ట పెరిగింది" అనేది మా అమ్మ. ఎవరింటికి పోయినా కిటికీకి ఎదురుగా కూర్చునేవాడు కాదు. మిలిటరీ చాదస్తం అనుకుని మేం నవ్వుకునేవాళ్లం.

సినిమాలో ఇద్దరూ ఎదురుపడే ఘట్టం రాగానే మా ఆయన ఆపేశాడు. "కథ బాగనే ఉంది గని మామా, గీ శత్రువు అసలు లేడు. వాళ్ల సైన్యం రికార్డుల్ల ఎక్కడా పేరు లేదు. ఆధారం లేదంటే మనిషి లేనట్టే."

చిన్నమామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను కొట్టినోనికి కూడ ఏ ఆధారం లేదు అల్లుడా. మరి లేనట్టేనా?"

అన్నేళ్లలో ఆయన ఆ మాట ఎత్తడం అదే మొదలు. సరిహద్దులో రెండు రోజులు రాయి చాటున బోర్లా పడుకున్నాడట. తుపాకి మీది దుర్బిణిలో అవతలి మనిషి తాగే నీళ్ల కోసం డబ్బాలో మంచు నింపుకోవడానికి వచ్చిపోవడం చూస్తూ ఉన్నాడట. మూడో రోజు పొద్దున పైనుంచి హుకుం వచ్చింది. "సినిమాల లెక్క ఒకరి కోసం ఒకరం రాలే. నేనున్నట్టే వానికి తెల్వదు. పేరు తెలిస్తే సాలు నాకు. నువ్వు సదువుకున్నోనివి, జర దొరుకుతదేమో సూడు."

మా ఆయన నిజంగానే వెతికాడు. ఢిల్లీకి రాశాడు, తెలిసిన ప్రొఫెసర్లకు రాశాడు, దేశం దాటి కూడా ఒక ఉత్తరం పంపాడు. జవాబిచ్చిన ఒకరిద్దరూ అలాంటివి దొరకవన్నారు. చిన్నమామ మాత్రం ప్రతి శనివారం బస్సు దిగి, సంచిలో వేయించిన పల్లీలు పట్టుకొచ్చి, చెప్పులు విడవకముందే "ఏమన్న తెలిసిందా?" అనేవాడు. అట్లా రెండేళ్లు. మనిషి చిక్కిపోయాడు. పెట్టింది సగం తిని లేచేవాడు.

పిల్లలు సంవత్సరం తప్పు రాస్తే మార్కులు కోసే మా ఆయన, ఒక శనివారం పొద్దున కాగితం మీద ఏదో రాసుకోవడం చూశాను. చిన్నమామ రాగానే "దొరికింది మామా" అన్నాడు. ఒక పేరు చెప్పాడు, ఒక ఊరు చెప్పాడు. "ఇద్దరు ఆడపిల్లల తండ్రట. ఆ పిల్లలు ఇప్పుడు మంచిగనే ఉన్నరట."

చిన్నమామ కళ్లు మూసుకుని ఆ పేరు ఒకసారి పలికాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"రెండు దినాలు సూసిన అల్లుడా, గింత దగ్గర. గా పిలగానికి మీసమన్న సక్కగ రాలే." పల్లీల సంచి కింద పెట్టి అన్నాడు, "నువ్వు కూడ సినిమానే తీసినవ్."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే మా ఆయన తట్టుకునేవాడేమో. బస్టాండు దాకా వెంట పడి "తప్పయింది మామా" అన్నాడట. చిన్నమామ భుజం తట్టి బస్సెక్కాడట. మళ్లీ మా గడప తొక్కలేదు. మేం పోతే పలకరించేవాడు, ఆ సంగతి ఎత్తేవాడు కాదు. మరుసటి ఎండాకాలం దవాఖానలో పోయాడు. ఆ తర్వాత మా ఆయన ఏ సినిమానూ మధ్యలో ఆపలేదు. ఎంత తప్పున్నా చివరిదాకా నోరు మెదపకుండా చూసేవాడు. ఆయనా పోయి ఏళ్లయింది.

ఏళ్లు గడిస్తే అబద్ధం కూడా పాతబడి మెత్తబడుతుందనుకునేదాన్ని. అట్లా కాలేదు. ఏ మనిషిదీ కాని ఆ పేరు నా ఒక్కదానికే గుర్తుండి, నాతో పాటే ముసలిదవుతోంది. ఆ పిల్లవాడి పేరు మాత్రం కాలం ఇక ఎవరికీ చెప్పదు.