ఎర్ర రంగేసిన జుంకాలు

ఆటో నడపాల్నంటే లైసెన్సు కావాలె. ఇంటికి కరెంటు తీగ గుంజాల్నంటే పర్మిట్ కావాలె. బాయిలర్ మీద వెల్డింగు పెట్టేటోడు ముందుగాల ఇనుప ముక్కల మీద అతుకు పెట్టి చూపించి పాసు కావాలె. ఆఖరికి కల్లు దుకాణానికి గూడ లైసెన్సే. మరి మనుషుల నెత్తి మీద, కప్పు కింద, మంటలార్పే నీళ్ళ పైపు బిగించేటోనికి? ఏమొద్దు. పానా పట్టుకొని వస్తే చాలు. నేను తల నెరిసేదాక పటాన్‌చెరు కంపెనీలల్ల ఆ పైపులే బిగించిన. ఒక్క సర్కారు మనిషి గూడ నీకేం పని వచ్చని అడగలే. అడగనందుకు నాకు కూలి దొరికింది. అడగనందుకే నా మాట ఎన్నడూ చెల్లలే.

మొన్న కిష్టారెడ్డిపేటల చుట్టాల అపార్ట్‌మెంటుకు పోయిన. లిఫ్టు కాడ నిలబడి, అలవాటు కొద్ది కప్పు దిక్కు చూస్తే, మంట లేస్తే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ మూతి మీద గోడకేసిన తెల్ల రంగే పూసి ఉన్నది. ఆ బిల్డింగు సెక్రెటరీ అక్కడ్నే ఉంటే, దానికి రంగు వేయొద్దని చెప్పిన. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, మీరు ఫైర్ డిపార్ట్‌మెంటా అని అడిగిండు. కాదన్న. లైసెన్సున్న ఇంజినీరా అన్నడు. కాదన్న. అంతల లిఫ్టొచ్చింది, ఎక్కి పోయిండు. నాకు మాత్రం ఎప్పటిదో భయం మళ్ళ లేచింది.

ఆ భయం మొదలైంది తొంభైలల్ల, ఒక మందుల కంపెనీల. మేం అప్పుడు లక్డారంల ఉంటుంటిమి. నా భార్య ఆ కంపెనీల ప్యాకింగ్ హాలుల పని చేస్తుండె. గోళీలు డబ్బాలల్ల పోసి, మూతలు పెట్టి, అట్టపెట్టెలల్ల సదురుడు. క్యాజువల్ లేబర్‌గ చేరి ఏండ్లయింది, ఈసారి పర్మనెంటు చేస్తరని హాలు ఆడోళ్ళందరూ ఆశ మీదున్నరు. హాలుకూ పక్క షెడ్డుకూ నడుమ ఒక్క గోడనే. ఆ షెడ్డు నిండ మందు తయారుకు వాడే రసాయనాల డ్రమ్ములు. మూత తీస్తే కండ్లు మండుతయి, అగ్గిపుల్ల చూపిస్తే అంటుకుంటయి. డ్రమ్ములు ఎక్కువైనప్పుడు హాలు తలుపు కాడిదాక పేర్చేది.

ఆ హాలుకు స్ప్రింక్లర్ పైపులు బిగించిన గుంపుల నేనూ ఉన్న. కప్పు పొడుగున పైపులు, పైపుకు నాలుగు అడుగులు వేస్తే ఒకటి చొప్పున ఇత్తడి మూతి. మూతి నడుమ చిన్న గాజు గొట్టం, దాంట్లె ఎర్రటి రసం. ఆ గాజే నీళ్ళకు అడ్డమున్న మూతను నొక్కి పట్టి ఉంచుతది. కింద మంట లేస్తే వేడికి గాజు పగులుతది, మూత ఊడుతది, నీళ్ళు కుమ్మరిస్తయి. ఎవ్వడూ వచ్చి నల్లా తిప్పే పని లేదు. ప్యాకింగ్ ఆడోళ్ళు వాటిని చూసి, కంపెనీ కప్పుకు జుంకాలు పెట్టిండ్రని నవ్వేటోళ్ళు. ఆ పేరే నిలబడ్డది.

నేను బడికి పోయింది తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం సంగారెడ్డి బస్టాండు బయట కొన్న పాత డిక్షనరీ పెట్టుకొని కూడబలుక్కున్న. ఆ మూతులొచ్చిన డబ్బాల్ల చిన్న కాయితం ఉంటే, సద్ది తినే పూట దాన్ని పట్టుకొని కూసునేటోన్ని. రంగు వేయొద్దు అని దాంట్లె ఉండె. ఎందుకో అర్థం గాక, బొంబాయి నుంచి మాకు పని చూపించనీకి వచ్చిన ముసలి ఫిట్టర్‌ను అడిగిన. ఆయన ఒక్కటే మాట చెప్పిండు. "రంగ్ లగా తో ఫేంక్ దో. ధోనా భీ మత్." రంగంటితే పారెయ్యి, కడగను గూడ కడగకు.

దసరా వచ్చింది. ఆయుధ పూజకు సేట్ వస్తడని కంపెనీ మొత్తం సున్నాలు, రంగులు. మా కాంట్రాక్టరు గూడ తన పని మెరవాల్నని అడ్డా మీది నుంచి రంగులేసే పోరగాండ్లను పట్టుకొచ్చి ప్యాకింగ్ హాలు పైపులకు ఎర్ర రంగు కొట్టించిండు. ఫైర్ అంటే ఎర్రగుండాలె గదా. ఆ పిల్లలకు ఏది పైపో ఏది మూతో చెప్పినోడు లేడు. మెషిన్లకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలేసి, గుమ్మడికాయ కొట్టిండ్రు. పని చేసినోళ్ళమని మమ్మల్ని గూడ పిలిస్తే పోయిన. హారతి పళ్ళెంల కర్పూరం ఎత్తుకొని అయ్యగారు హాలు చుట్టూ తిరుగుతుంటే అందరూ చేతులు జోడించిండ్రు. నేను పొగ ఎటు పోతున్నదని పైకి చూసిన. ఇత్తడి లేదు, గాజు లేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాక అన్నీ ఎర్రటి ముద్దలు. కర్పూరం మంట, దాని మీద గుడ్డి మూతులు, నడుమ నా భార్య పూలు పెట్టుకొని నిలబడ్డది.

బయటికొచ్చినంక ఆమెకు చెప్పిన. ఆమె కొబ్బరి ముక్క నములుకుంట, జుంకాలకు రంగేస్తే నీ సొమ్మేం పోయింది, మంచిగనే ఉన్నయి కండ్లకు అన్నది. పని మానుకొమ్మన్న. పర్మనెంటు ముంగటికొచ్చినంక మానుకొమ్మనేటోడు మొగుడా, పగ పట్టిన పాలోడా అని అడిగింది.

కాంట్రాక్టరు ఆఫీసు సంగారెడ్డిల ఉండె. ఆయన నాకన్న చిన్నోడు, కాకా అని పిలిచేటోడు, మర్యాదకు తక్కువ చేసేటోడు గాదు. దేవుని పటాలు, వాటి పక్కపొంటి అద్దం కట్టించిన లైసెన్సు. పొద్దుగాల దేవునికి చూపించిన ఊదుబత్తే దానికీ చూపించేటోడు. నేను చెప్పిందంతా విన్నడు. చాయ్ గూడ తెప్పించిండు.

"కాకా, నీకు లైసెన్సున్నదా?" అన్నడు.

లేదన్న.

"నాకున్నది. నేను మంచిగున్నదంటే మంచిగున్నట్టే. నువ్వు పరేషాన్ కాకు, అంతగనం అయితే థిన్నర్ తోని తుడిపిస్త తియ్యి."

థిన్నర్. పెట్రోల్ లెక్క అంటుకునేది, ఆ డ్రమ్ముల పక్కన, ఆ ఆడోళ్ళ నెత్తి మీద. నేను చాయ్ తాగలేకపోయిన. ఆ లైసెన్సు ఇచ్చిన ఆఫీసుల ఎవలన్న ఆయనను ఒక్కనాడన్న నిచ్చెనెక్కించి చూసిండ్రా? ఆయన కింద పని చేసేటోళ్ళకు ఏం వచ్చో అడిగిండ్రా? సంతకమొకనిది, చేతులొకనియి, నెత్తులింకొకలయి. గిదేం కానూనని బస్సుల వచ్చుకుంట నాలో నేనే గులిగిన. పక్క సీటాయన జరిగి కూసున్నడు.

ఇగ నాకు దినాలు గడవకపోయేది. కంపెనీ సైరన్ మా లక్డారందాక వినొస్తది. షిఫ్టు సైరన్ పొట్టిగ కొట్టి ఊకుంటది. అది ఊకునేదాక నాకు ఊపిరాడేది గాదు. కొద్దిగ పొడుగు కొట్టినట్టు అనిపిస్తే చేతుల పని చేతులల్లనే ఉండిపోయేది. గాలి అటు దిక్కు నుంచి మందు వాసన తెస్తే, అది ఎప్పటి వాసననేనా, కాలిన వాసననా అని ముక్కు ఎగబీల్చుకుంట నిలబడేటోన్ని. షిఫ్టు ఇడిసే యాల్లకు ఆటోలాగే కాడ చాయ్ తాగే నెపం మీద కాపలా కాసేటోన్ని. ఆమె దిగి నన్ను చూసి, "పెండ్లప్పుడు గూడ గింతగనం ఎదురుచూడలే నువ్వు" అనేది. ఆటోల ఆడోళ్ళు నవ్వేది. నాకు నవ్వు రాకపోయేది.

కంపెనీల మెయింటెనెన్స్ ఇంజినీరు గుంటూరు దిక్కాయన. పక్కనున్న సర్కారు ఫ్యాక్టరీ కాలనీల సంసారముండె. ఆయనకు చెప్పుదామని పోతే, నా మాట అయిపోకముందే తలుపు దగ్గరికేసిండు.

"నాకూ కనపడింది మేస్త్రీ. పైకి రాశాను. కాంట్రాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాక నీకెందుకయ్యా అన్నారు. నాకు మాత్రం భయంగా లేదనుకున్నావా?"

చదువుకున్న మనిషి గూడ నాలెక్కనే భయపడుతున్నడని తెలిసి నాకు ధైర్యం రాలే. ఇంకింత భయమైంది. ఆదివారం హాలు ఖాళీగ ఉన్నప్పుడు రమ్మన్నడు. వాల్వు కట్టేసి, లైన్ల నీళ్ళు దింపి, రంగంటిన మూతి ఒకటి ఇప్పిన. ఆ జాగల స్టోర్ల నుంచి కొత్తది పెట్టిన. నిచ్చెన ఆయనే పట్టుకున్నడు. వాల్వు మళ్ళ తెరిసి, పాతదీ, ఇంకొక కొత్తదీ నా సంచిల వేసి, ఎవరికీ చెప్పకు అన్నడు.

ఆ పొద్దు మాపు నా భార్య అన్నం వండనీకి ఎసరు పెట్టబోతుంటే, జెర ఆగుమన్న. గిన్నెల నీళ్ళు పోసి, స్టవ్ మీద పెట్టి, కొత్త మూతిని దారం కట్టి ముంచిన. నీళ్ళు ఇంకా మరగనే లేదు. గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు లేస్తున్నయి, అంతే. టిక్కుమన్నది. గాజు పోయింది, మూత ఊడి గిన్నె అడుగున పడ్డది. ఆమె వంగి చూసింది. ఆ నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళతోని ఎర్రదాన్ని పెట్టిన. బుడగలొచ్చినయి. నీళ్ళు మరిగినయి. తెర్లినయి. ఆమె నా దిక్కు చూసింది. చానా సేపటికి లోపల గాజు పగిలిన చప్పుడైంది గని మూత ఊడలే. బయటికి తీసి సైకిల్ పుల్లతోని పొడిస్తే, పాల మీది మీగడ లెక్క రంగు పొర సాగి, అప్పుడు ఊడింది.

పైపుల నీళ్ళ జోరుంటది గాబట్టి అది తోసేస్తదేమో అని నేనే అన్న. అబద్ధం చెప్పొద్దు గదా. తోసేస్తదేమో. తోయకపోవచ్చు గూడ. ఆ ఏమో కిందనే ఆమె పొద్దంత కూసుంటది.

ఆమె స్టవ్ ఆర్పేసింది. "మా నెత్తి మీదియన్ని గిట్లనేనా?" అన్నది. అన్నీ అన్న. ఆ గిన్నెల ఇగ అన్నం వండలే.

మర్నాడు ఏమైందో ఆమె చెప్తే విన్నదే. రెండు మూతులూ కొంగుల ముడేసుకొని పోయి, సద్ది యాల్లకు క్యాంటీన్ కాడ ఆడోళ్ళందరికి చూపించింది. ఆమె నాలెక్క గాజు, రసం, వేడి అని చెప్పలే. మీగడ లెక్క సాగిన రంగును గోటితోని లాగి చూపించిందట. సద్ది తిన్నంక ఎవ్వలూ హాలుల కూసోలే. బల్లలు మోసుకపోయి లారీలకు సరుకెక్కించే అరుగు మీద పెట్టుకొని ప్యాకింగ్ చేసిండ్రు. సూపర్‌వైజర్ వచ్చి పర్మనెంటు లిస్టుల పేర్లు కొట్టేపిస్త అన్నడు. ఒకరిద్దరు లేవబోయిండ్రు, మళ్ళ కూసున్నరు. ఆఖరికి మేనేజరే వచ్చిండు.

"సార్, మీరు జెర పోయి మా జాగల కూసోండ్రి. మేం ఇక్కడ్నుంచి చూస్తం" అన్నదట నా భార్య.

ఆయన హాలులకు పోయిండు, పైకి చూసిండు, కూసోలే. బయటికొచ్చి అడిగిన మొదటి మాట, ఆ మూతిని ఇప్పింది ఎవలని. నూరుమంది నెత్తి మీద రంగు పూసింది ఎవలని గాదు. ఆడోళ్ళు ఊడి పడ్డది సార్ అన్నరు. అందరూ గదే మాట. ఇంజినీరు నౌకరీ ఆ మాట మీదనే నిలబడ్డది.

మూతులు మార్చిండ్రు. మార్చిన పని గూడ ఆ కాంట్రాక్టరుకే, లైసెన్సు ఆయనకే ఉండె గదా. నన్ను మాత్రం ఇగ పిలవలే. కొత్త పోరగాండ్లు వచ్చి బిగించిపోయిండ్రు. సరిగ బిగించిండ్రో లేదో, వాల్వు తెరిచి పోయిండ్రో కట్టేసి పోయిండ్రో. ఇంతకుముందు తెలిసి భయపడ్డ. ఇప్పుడు తెలియక భయం.

ఎండకాలం వచ్చింది. నేను లక్డారంల కంకర మిషన్ కాడ నీళ్ళ లైను అతుకుతున్న. పట్టపగలు సైరన్ లేచింది. ఆగుతదని చూసిన. ఆగలే. పానా ఎక్కడ ఇడిసిపెట్టిన్నో తెల్వదు. కంకర లారీ వెనుక పట్టుకొని ఏలాడుకుంట పోయిన.

గేటు మూసి ఉన్నది. లోపల ప్యాకింగ్ హాలు దిక్కు నల్లటి పొగ. గేటు బయట నాలెక్క వచ్చినోళ్ళు చానామంది, లోపలున్న తమోళ్ళ పేర్లు పిలుచుకుంట. కొంచెం సేపటికి పొగల నుంచి ఆడోళ్ళు ఒక్కొక్కలే వస్తున్నరు. ముంగటామె నిలువెల్ల నల్లగ ఉన్నది. చీర ఒంటికి అతుక్కపోయింది. నడక నా భార్యది. కాలిపోయింది అనుకున్న. గేటు ఊచలు పట్టుకొని గుంజిన.

దగ్గరికొచ్చినంక చూస్తే చీర కొంగు నుంచి నీళ్ళు కారుతున్నయి. నల్ల నీళ్ళు. పైపులల్ల నెలలకొద్ది నిలువ ఉండి తుప్పు పట్టిన నీళ్ళు అట్లనే ఉంటయి, నాకు తెలుసు, ఆ ఘడియల యాదికి రాలే. ఊచల నడుమ నుంచి చెయ్యి పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్న. తడి. సల్లగ.

"ఏం నీళ్ళయ్యా అవి, మోరీ కంపు" అన్నది. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. "రెండు జుంకాలు పగిలినయి. నా మీదిది ఒకటి."

తలుపు కాడి డ్రమ్ము అంటుకొని, దాని పక్కనున్న ఒకామెకు చెయ్యి కాలింది. మిగిలినోళ్ళు తడిసిండ్రు, అంతే. తర్వాత పెద్ద మీటింగు పెట్టి కాంట్రాక్టరుకు శాలువా కప్పిండ్రని ఇంజినీరు చెప్పిండు. తలొంచుకొని చెప్పిండు. నా భార్య ఆ మీటింగుకు పోలే, బాయి కాడ ఆ చీర ఉతుకుతున్నది. ఎన్ని తీర్ల ఉతికినా వాసన పోలే.

హాలు సదిరినంక మళ్ళ పనిలకు పిలిచిండ్రు. పొద్దుగాల సద్ది డబ్బా పట్టుకొని ఆటోకు నిలబడ్డది. నేను పక్కపొంటి నిలబడ్డ. ఈసారి ఎవలు బిగించిండ్రో, ఏం బిగించిండ్రో ఇద్దరికీ తెల్వదు. పైకి చూసి కూసో అన్న.

"చూస్తనే ఉన్న" అన్నది ఆటో ఎక్కుకుంట. ఆటోల ఆమె పక్కన కూసున్నోళ్ళు ఆ పొద్దు నవ్వలే.