రేగడిలో దిగని గాలిమోటరు

మా ఊళ్ళో నన్ను ఇప్పటికీ రోడ్ల ఇంజనీరనే అంటారు. రోడ్లు వేయించడం, ప్రభుత్వ భవనాలు కట్టించడం మా శాఖ పని అని అందరికీ తెలుసు. పెద్దవాళ్ళ హెలికాప్టర్ దిగడానికి నేల సిద్ధం చేసేది కూడా మేమేనంటే మాత్రం నమ్మరు. మా మేనత్తయితే నవ్వి, గాలిమోటరుకూ రోడ్లోళ్ళకూ ఏం సంబంధమని అడిగింది. అది గాలిలో ఉన్నంతసేపూ మాకేం సంబంధం లేదనీ, దిగుతానన్నప్పుడే మా ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పాను. ఆమె దాన్నీ వేళాకోళమే అనుకుంది.

నిజానికి ఈ పని నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. సివిల్ ఇంజనీరింగులో వంతెనలు చెప్పారు, కాలువలు చెప్పారు, హెలిప్యాడ్ అన్న మాట ఒక్కసారి వినపడలేదు. ఉద్యోగానికి రాసిన పరీక్షలోనూ దాని ఊసు లేదు. నేర్పింది మా డీఈ మేడం. తెలంగాణ వచ్చిన కొత్తల్లో, ఆఫీసుల బోర్డుల మీద రంగు ఇంకా ఆరకముందే, మక్తల్ వైపు ఏఈగా నాకు మొదటి పోస్టింగు వచ్చింది. అక్కడ ఆమె నా పై అధికారి.

మేడంది నల్లగొండ. నూలు చీర మీద గుడ్డబూట్లు వేసుకుని చేలగట్ల మీద ఆమె నడుస్తుంటే వెనకాల నాకు ఆయాసం వచ్చేది. కాంట్రాక్టర్లను ఫోనులో కడిగేసేది గానీ, కూలీలను ఒక్క మాట అనగా నేను వినలేదు. భర్త పోయాడు. ఏడో తరగతి చదివే కూతురు నల్లగొండలో అమ్మమ్మ దగ్గర ఉండేది. శనివారం సాయంత్రం బస్సెక్కడం, ఆదివారం, ఆమె మాటల్లో ఐతారం, బిడ్డ దగ్గర ఉండడం, సోమవారం మళ్ళీ డ్యూటీకి రావడం. నల్లగొండకు బదిలీ కావాలని ఆమె పెట్టుకున్న దరఖాస్తు అప్పటికి చాలాకాలంగా పైన తిరుగుతోంది. ఆమె మా ఎవరినీ ఏమీ అడిగేది కాదు, ఆ బదిలీ ఒక్కటి రావాలని మాత్రం ఆఫీసులో అందరం కోరుకునేవాళ్ళం.

ఆ ఎండాకాలం మా దగ్గరికి రాజధాని నుంచి ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడన్నారు. ఊళ్ళో సభ, రావడం హెలికాప్టర్‌లో. స్థానిక నాయకుడొకాయన మొత్తం ఏర్పాట్లు తన భుజాన వేసుకున్నాడు. హెలికాప్టర్ తన చేనులోనే దిగాలని ఆయన పట్టుదల. చేను రోడ్డు పక్కనే ఉంది, సభ వేదికకు దగ్గర, పైన కరెంటు తీగలు లేవు, చుట్టూ చెట్లు లేవు. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. మేడం బదిలీ సంగతి పైవాళ్ళతో మాట్లాడి పెడతానని మాట ఇచ్చింది కూడా ఆయనే.

నేల చదును చేసే పని దేవరకొండ నుంచి వచ్చిన మేస్త్రీకి పడింది. మేడం రెండు రోజులు వేరే పనిమీద మహబూబ్‌నగర్ వెళ్ళవలసి వచ్చింది. మేస్త్రీ మంచి పనివాడు, తన పద్ధతిలో నిష్ఠగా చేశాడు. హెలికాప్టర్ దిగేటప్పుడు దుమ్ము లేస్తే పైలటుకు నేల కనపడదు, అందుకని ముందు నీళ్ళు చల్లాలి. ట్యాంకర్ల కొద్దీ నీళ్ళు పట్టి, మీద మొరం పరిచి, రోలర్ తిప్పించాడు. సున్నంతో తెల్లటి వలయం, దాని నడుమ పెద్ద హెచ్ గుర్తు. పెళ్ళి పందిట్లో ముగ్గు అంత ముచ్చటగా వచ్చింది. నేనూ దేవరకొండ వైపు వాణ్ణే, నా కంటికి అందులో ఏ లోపమూ కనపడలేదు.

సభకు ముందురోజు పొద్దున మేడం జీపు దిగింది. వలయం చుట్టూ నడిచింది. ఒకచోట ఆగి మడమతో నొక్కింది. తర్వాత కంకరతో నిండిన టిప్పర్‌ను పిలిపించి, సరిగ్గా ఆ ముగ్గు మీదుగా నడపమంది. అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అంత అందంగా చేసిన దాన్ని తొక్కించడమేమిటని స్థానిక నాయకుడు అడ్డం వచ్చాడు. దిగడానికి పనికొస్తుందని తను సంతకం పెట్టే ప్రతి జాగాకూ ఇది తన పద్ధతనీ, బరువు మోయని నేలను చూసి మురిసిపోయి లాభం లేదనీ ఆమె చెప్పింది.

టిప్పర్ వలయం నడుమకు వచ్చేసరికి ఒక పక్క చక్రాలు మొరాన్ని చీల్చుకుని కిందికి దిగిపోయాయి. పైన గట్టిగా కనపడిందంతా పొర. దాని కింద నల్లటి బురద, గోధుమపిండి ముద్దలా.

నేను మేస్త్రీ మీదికి పోబోయాను, నాకు కోపం ముక్కు మీదనే ఉంటుంది. మేడం చేయి అడ్డం పెట్టింది.

"నీ దేవరకొండ చలకల అయితే నువ్వు చేసిందే కరెక్టు" అంది మేస్త్రీతో. "అక్కడ ఎర్రమట్టి, నీళ్ళు పడితే అణిగి గట్టిపడ్తది. గిది రేగడి. గిది నీళ్ళు తాగి ఉబ్బుతది, లోపల్నే దాచుకుంటది. జర చిలకరిస్తే చాలు."

తర్వాత మా ఇద్దరికీ నెమ్మదిగా చెప్పింది. దిగేటప్పుడు హెలికాప్టర్ బరువంతా రెండు మూడు చిన్న చక్రాల మీద పడుతుంది. ఒక చక్రం కూరుకుపోయిందంటే అది పక్కకు ఒరుగుతుంది, పైన రెక్కలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. ఆ మాట విన్నాక మేస్త్రీ చెట్టంత మనిషి గట్టు మీద కూలబడ్డాడు. అతనికి నీళ్ళు తాగించమని నన్నే పంపింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. స్థానిక నాయకుడు ఆమెను పక్కకు పిలిచాడు గానీ ఆయన గొంతు అందరికీ వినపడుతూనే ఉంది. స్వాగతం ఆర్చీలు ఈ దారిలో కట్టించానన్నాడు. ఇంకో నాలుగు ట్రిప్పుల మొరం పోస్తే ఎవరికి తెలుస్తుందన్నాడు. చివరికి అసలు మాటకు వచ్చాడు.

"పెద్దసారు నా చేన్ల దిగుతడని జిల్లా అంత చెప్పుకున్న మేడం. గిప్పుడు జాగ మారిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె? మీ ట్రాన్స్‌ఫర్ ముచ్చట రేపే సారు చెవుల ఎయ్యాలనుకున్న. మీరే చూసుకోండ్రి."

మేడం కొంచెంసేపు నేల వైపే చూసింది. అప్పుడు ఆమెకు కూతురు గుర్తొచ్చి ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది.

"ట్రాన్స్‌ఫర్ మీ ఇష్టం, అన్నా" అంది. "గీ జాగకు మాత్రం నేను సంతకం పెట్ట."

అంతే, జీపెక్కింది. ఊరి అవతల గుట్ట పాదాన గులకరాళ్ళ నేల ఒకటి ఉందని నేను చెబితే అక్కడికి పోనిమ్మంది. అక్కడ గొర్ల కాపరులు మంద వేసి ఉన్నారు. ముసలి కాపరికీ అతని భార్యకూ సంగతి చెప్పి, రేపు మధ్యాహ్నం దాకా మందను దూరంగా తోలుకుపోగలరా అని అడిగింది. వాళ్ళు సరేనన్నారు. గొర్రెల్లో చాలావరకు సూడివి ఉన్నాయనీ, ఆ చప్పుడుకు బెదిరితే కడుపులు పోతాయనీ మాత్రం ముసలమ్మ దిగులుపడింది. మేడం నన్నే వెంట పంపి, గుట్ట అవతల చప్పుడు అందని చోట మందను నిలబెట్టించింది. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఆ పనికి నేను పనికొచ్చాను. ఇంత చదువు చదివి మళ్ళీ గొర్రెల వెనకే నడుస్తున్నానని మేస్త్రీ నవ్వాడు. పొద్దుటి నుంచి వాడు నవ్వడం అదే మొదటిసారి.

సాయంత్రం వరకు పనిచేశాం. కూలి ఆడవాళ్ళు గొర్రెల పెంట ఊడ్చి సంచులకెత్తారు, పక్క చేను రైతు వాటిని సంతోషంగా మోసుకుపోయాడు. రాళ్ళు ఏరించి, రోలర్ తిప్పించి, అదే టిప్పర్‌ను అదే కంకరతో అటూ ఇటూ నడిపించాం. చక్రాల జాడ పడలేదు. అప్పుడు మేడం జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేసి, కొత్త జాగా వివరాలు పైకి పంపింది.

మర్నాడు హెలికాప్టర్ మెత్తగా దిగింది. సంతకం పెట్టిన మనిషి దూరంగా ఉండకూడదని ఆమె నియమం, అందుకని అనుమతించిన గీత దగ్గరే చెంగు బిగించి నిలబడింది. పెద్ద నాయకుడు దిగి, సభ ఇంత దూరమా అని విసుక్కుని కారెక్కాడు. ఆర్చీలన్నీ ఖాళీ దారిలో నిలబడి ఉన్నాయి. మాకెవరూ థ్యాంక్స్ చెప్పలేదు. మా పని బాగా జరిగితే ఎవరికీ ఏమీ గుర్తుండదు. నేను మాత్రం ఆ రోజు ఆమెను చూసి గర్వపడ్డాను, ఈ ఉద్యోగం చేస్తే ఇలా చేయాలనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు బదిలీల ఉత్తర్వులు వచ్చాయి. నల్లగొండ పోస్టు ఇంకొకరికి పోయింది. స్థానిక నాయకుడు చేసిందో, దానంతటదే జరిగిందో మాకు తెలియదు. ఆ సంగతి తెలిసినప్పుడు నేనూ మేడమూ ఒక కల్వర్టు దగ్గర ఉన్నాం. ఆమె గట్టు మీద కూర్చుని, ఆ చేను గొడవ ముందే తెలిసిన కూతురికి ఫోను చేసింది. స్పీకర్ పెట్టే అలవాటు ఆమెకు. నేను లేచి పోబోతే కూర్చోమని సైగ చేసింది.

"బిడ్డా, ఈ ఏడు గూడ ఐతారం ఐతారమే వస్త" అంది.

బిడ్డ ఏడుస్తుందనుకున్నాను. మేడం పెదవి కొరుక్కుంటూ ఫోను వైపే చూస్తోంది.

"అమ్మా, ఆ గాలిమోటర్ల వచ్చినోళ్ళు మంచిగ ఇంటికి పోయిన్రా?"

"పోయిన్రు బిడ్డా. అందరు మంచిగ పోయిన్రు."

"అయితే ఏం కాదు తియ్యి. ఐతారం జల్ది రా."