అమ్మ చీర, నాయిన చెకుముకి

అమ్మ పోయాక మా ఇంట్లో మగ్గం ఆగిపోయింది. నేసేది నాయినే అయినా పడుగు సరిచేయడానికి, కండెలు చుట్టడానికి, తెగిన పోగుకు ముడి వేయడానికి రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషి అమ్మ. ఆ పనులు నేను చేస్తానన్నాను. నాయిన విననట్టే ఉండి మగ్గం మీద గోనెసంచులు కప్పేశాడు. నెల తిరక్కుండానే ఓర్వకల్లు రాతిగుట్టల కింద ఒకాయన శనక్కాయ చేనికి కావలి మనిషిగా కుదిరి, నన్ను వెంటబెట్టుకుపోయాడు. అప్పటికి నేను కొత్తగా పావడా ఓణీ కట్టుకుంటున్న పిల్లను.

అక్కడ మాకున్నది బోదగడ్డి కప్పిన ఒక కొట్టం, ఒక ట్రంకుపెట్టె, మూడు రాళ్ల పొయ్యి. చుట్టూ చేను, చేను దాటితే గుట్టలు. మనిషి అలికిడి కావాలంటే చాలా దూరం నడిచి బస్సులు తిరిగే రోడ్డుకు పోవాలి. నాయిన అసలే మితభాషి. అమ్మ పోయాక ఆ కాస్త మాటా పోయింది. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది. ఇంత చిన్న కొట్టంలో ఇద్దరం ఉండి ఎవరికి వాళ్లం ఒంటరిగా బతకడం ఏం బతుకని ఏడుపొచ్చేది. ఏడిస్తే ఎందుకని అడిగేవాళ్లు కూడా లేరు.

ఆ గుట్టల కింద గాలి సామాన్యమైన గాలి కాదు. అగ్గిపుల్ల గీస్తే గీసినంతసేపే. అందుకని నాయిన చెకుముకి వాడేవాడు. ఉక్కు ముక్కతో రాయి మీద కొడితే రవ్వ పడుతుంది. అది మాడ్చిన నూలుగుడ్డ మీద పడితే గుడ్డ రాజుకుంటుంది. గాలి ఎంత కొడితే అంత బాగా రాజుకుంటుంది. మామూలు గుడ్డ మీద రవ్వ నిలవదు, కచ్చితంగా మాడ్చిన గుడ్డే ఉండాలి.

ఆ మాడ్చడం చూడటానికి తేలికే. పాతగుడ్డ ముక్కల్ని మూతకు మేకుతో చిల్లు పొడిచిన తగరపు డబ్బాలో పెట్టి నిప్పుల మీద ఉంచాలి. చిల్లులోంచి మొదట తెల్లగా ఆవిరి, తర్వాత పచ్చటి చిక్కటి పొగ వస్తాయి. లోపల గాలి లేదు కాబట్టి గుడ్డ మండదు. పత్తిలో పోయేదంతా పొగై పోయి, పోనిది నల్లగా మిగులుతుంది. పొగ ఆగాక డబ్బా దించి, పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టకూడదు. చల్లారాక తీస్తే ముక్కలు కొంచెం కుంచించుకుపోయి ఉంటాయి. రంగులన్నీ పోతాయి గాని పడుగు, పేక పోగు పోగునా కనిపిస్తాయి. గట్టిగా పట్టుకుంటే మాత్రం పొడి.

మొదట నాయిన పాత పంచెలు అలా మాడ్చాడు. అవి అయిపోయాయి. ఒకరోజు నేను నీళ్లకు పోయొచ్చేసరికి ట్రంకుపెట్టె తెరిచి ఉంది. ఆయన ఒళ్లో అమ్మ చీర ఉంది.

నాయిన జన్మంతా చీరలు నేశాడు, అన్నీ అమ్మకానికే. అమ్మకని నేసింది ఆ ఒక్కటే. ఆకుపచ్చ నూలు చీర, ఎర్ర అంచు. కట్టీ కట్టీ, ఉతికీ ఉతికీ మెత్తబడి ఉండేది. పెద్దయ్యాక నేను కట్టుకోవాలని దాని మీదే నా ఆశంతా పెట్టుకున్నాను. ఆయన దాన్ని కొంగు కాని వైపునుంచి చింపుతున్నాడు.

"అమ్మ చీర కాలుస్తాండావా నాయినా?"

"ఈ గుడ్డకే పడతాది నిప్పు. వేరేదానికి పట్టదు," అన్నాడు, తలెత్తకుండా.

మరి పంచెలకు పట్టలేదా అనిపించినా అప్పటికి ఊరుకున్నాను. వారం వారం చీర తరిగిపోతూ వచ్చింది. నాకు నిద్రలో కూడా ఆ చిరిగే చప్పుడే. చివరికి కొంగు, దాని అంచు మిగిలాయి. ఆయన చేనిగట్టు తిరగడానికి పోయినప్పుడు నా పాత పావడా చింపి, ఆ డబ్బాలోనే మాడ్చి, చెకుముకి కొట్టి చూశాను. మూడో దెబ్బకే రాజుకుంది. నిక్షేపంగా రాజుకుంది.

మర్నాడు పొద్దున్నే డబ్బా నిప్పుల మీద ఉంది. పెట్టెలో చూస్తే కొంగు లేదు.

"నా పావడాగుడ్డక్కూడా నిప్పు పట్టింది. నాతో అబద్ధం ఎందుకు చెప్పినావు?" అన్నాను. ఆయన పలకలేదు. ఆ పలకకపోవడమే నన్ను పిచ్చిదాన్ని చేసింది. కొడవలి మొనతో డబ్బాను కిందికి లాగాను.

"తెరవాకు పాపా! సల్లారనీ!"

ఇన్నాళ్లకు ఆయన గొంతు పెగిలింది గాని వినే స్థితిలో నేను లేను. మూత ఎగరగొట్టాను. కొంగు మడతలతో సహా అలాగే ఉంది, నల్లగా, నిండుగా. దక్కిందనుకున్నాను. అంతలో గాలి తగిలి ఒక మూల ఎర్రటి చుక్క పుట్టింది. అది అంచు వెమ్మటే పాకింది. మంట లేదు, చప్పుడు లేదు. చూస్తుండగానే అంతా తెల్లటి బూడిదైంది. గాలి దాన్ని కూడా ఉంచలేదు.

ఇప్పటికీ నాది తప్పనుకోను. అడిగినప్పుడు మాట్లాడి ఉంటే ఆ కొంగు ఉండేది.

నాయిన తిడతాడనుకున్నాను. నా పక్కన నేల మీద కూచున్నాడు.

"పొయ్యి రాజేసేటప్పుడన్నా మీయమ్మ ఈడ ఉన్నెట్టుంటాది. ఈ గుట్టల్లో నాకు ఇంకెవురుండారు పాపా?"

"నేనుండా గదా," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. అమ్మ పోయినప్పటినుంచి అలా చూడటం అదే మొదలు. చూసి, మొలలోంచి చెకుముకి సంచి తీసి, అడుగునుంచి ఆకువక్కల సున్నం పెట్టుకునే చిన్న సున్నపుకాయ బయటపెట్టాడు. మూత తీస్తే లోపల వేలెడంత నల్లటి గుడ్డముక్క, అంచు ముక్క. దాని మీద ఆయన ఒక్కనాడూ రవ్వ రాల్చలేదట.

"ముట్టాకు. సూడు. ఈడ పోగు తెగింది, మీయమ్మ ముడేసింది. ఆపొద్దు నామీద కోపం. అందుకే ఇంత లావు ముడి ఏసింది. నేను గూడా ఇప్పలేదు, ఉండనీలే అని."

నల్లటి పోగుల మధ్య ఆవగింజంత ముడి. ఇద్దరం తలలు ఆనించుకుని చూశాం. ఊపిరి తగిలినా పోతుందేమోనని నేను నోటికి ఓణీ అడ్డం పెట్టుకున్నాను. ఆరోజు నాయిన అమ్మ గురించి పొద్దు నడినెత్తికొచ్చేదాకా మాట్లాడాడు. తర్వాత మళ్లీ ఎప్పుడూ అంత మాట్లాడలేదు. పొయ్యికి మాత్రం నా పావడాగుడ్డే వాడాడు.

చాలా ఏళ్లకు ఆయన పోయినప్పుడు ఆ సున్నపుకాయ నాకు దక్కింది. అందరూ వెళ్లాక మూత తీశాను. లోపల చిటికెడు నల్లటి పొడి. మొలన కట్టుకుని ఎంత తిరిగాడో, ముక్క మిగల్లేదు. ముడి కోసం వేలితో తడిమాను, దొరకలేదు. వేలు నల్లబడింది. ఆ రోజంతా కడుక్కోలేదు.