గిన్నె అడుగున కుంకుమపువ్వు

ఈ ప్రయాణానికి కారణం షిరీన్ ఫోను. మ్యూనిక్ పక్కనున్న గార్చింగ్ ల్యాబ్‌లో మూడేళ్లు నా పక్క సీటు ఆమెదే. కిందటేడు డెగ్గెన్‌డార్ఫ్ కాలేజీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది.

"అమ్మ మంగళవారం టెహ్రాన్ వెళ్లిపోతోంది. ఆవిడ చెయ్యి పడకుండా కుంకుమపువ్వు అన్నం వండి, బాగుంది అనిపించుకోవాలి. రెండుసార్లు చెడగొట్టాను. శనివారమే ఆఖరి అవకాశం. మీ అమ్మను కూడా తీసుకురా" అంది.

మా అమ్మ జగిత్యాల నుంచి వచ్చి నెలైంది. మ్యూనిక్‌లో చూపించాల్సినవన్నీ అప్పటికే అయిపోయాయి.

ఉదయం ఎనిమిదిన్నరకు మ్యూనిక్ పెద్ద స్టేషన్ హాప్ట్‌బాన్‌హోఫ్‌లో రైలెక్కాం. ఇద్దరికీ కలిపి ఒక బయర్న్ టికెట్ చాలు, రోజంతా తిరగొచ్చు. రెండు గంటల ప్రయాణమే అని చెప్పినా అమ్మ పులిహోర కట్టింది. లాండ్స్‌హుట్ దాటాక ఎదుటి సీటు పెద్దావిడ మా డబ్బా వైపే చూస్తుంటే అమ్మ మూతలో కొంచెం పెట్టిచ్చింది. "షార్ఫ్!" అని కారానికి కళ్లు తుడుచుకుని, ఆవిడ మెతుకు మిగల్చకుండా తినేసింది.

వెళ్లేవాళ్లు ప్లాట్లింగ్‌లో దిగడం మరిచిపోకండి, ఆ రైలు పాసౌ దాకా పోతుంది. అక్కడ చిన్న రైలు మారి, పదకొండు లోపే డెగ్గెన్‌డార్ఫ్ చేరాం. స్టేషన్ నుంచి షిరీన్ ఇంటికి పావుగంట నడక.

షిరీన్ వాళ్లమ్మ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చేతులు కట్టుకు కూర్చుంది. సాయం చేయనని కూతురికి మాటిచ్చిందట. షిరీన్ కుంకుమపువ్వును చిటికెడు చక్కెరతో మెత్తగా నూరి, దాని మీద రెండు మంచు ముక్కలు పెట్టింది.

"గీ మంచుగడ్డ ఎందుకే? పాలల్ల నానబెడ్తె సరిపాయె గద" అని అమ్మ నా చెవిలో గొణిగింది. మంచు కరిగేకొద్దీ గిన్నెలో ఎర్రటి రంగు దిగుతుంటే మాత్రం కళ్లార్పకుండా చూసింది.

సగం ఉడికిన బియ్యాన్ని వార్చి, నూనె, పెరుగు, కుంకుమపువ్వు నీళ్లు కలిపిన పొర మీద పోసి, మూతకు బట్ట చుట్టి, సన్నటి సెగ మీద గంటసేపు ఉంచింది షిరీన్. ఆ గంటలో పదిసార్లు పొయ్యి దగ్గరికి వెళ్లొచ్చింది.

ఒంటిగంటన్నరకు భోజనం. పసుపుపచ్చని అన్నం మీద పుల్లటి ఎర్ర ఎండుపళ్లు, పక్కన కోడికూర. చివర్లో షిరీన్ గిన్నె అడుగు గీకి, గట్టిపడిన పెద్ద చెక్కను వాళ్లమ్మ కంచంలో పెట్టి ఊపిరి బిగబట్టి నిలబడింది. ఒక అంచు బాగా ఎర్రబడింది.

మా అమ్మకు కనిపించింది వేరు. పాపం పిల్లకు అన్నం అడుగంటింది, మాడుది తల్లి తింటోంది. "ఆమెకెందుకు మాడుది? నేను తింట" అంటూ ఆ చెక్కను చటుక్కున తీసి తన కంచంలో వేసుకుని కొరికేసింది.

షిరీన్ ముఖం పాలిపోయింది. వాళ్లమ్మ మర్యాదగా నవ్వి, తినమని సైగ చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. "అమ్మా, అది మాడు కాదు. దాని కోసమే ఇంత వంట. వాళ్లమ్మ రుచి చూసి చెప్పాలె" అన్నాను తెలుగులో.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "అయ్యో! ఎంగిలైంది గదనే, ఇప్పుడెట్లియ్యాలె?"

ఆ మాటలు షిరీన్ వాళ్లమ్మకెలా అర్థమవుతాయి? అమ్మ కళ్లలో నీళ్లు మాత్రం కనిపించినట్టున్నాయి. చెయ్యి చాపి, అమ్మ కంచంలోంచే ఒక ముక్క విరుచుకుని కరకరా నమిలింది. కళ్లు మూసుకుంది. "ఖూబ్" అంది, బాగుందని. కూతురి చెంప నిమిరి, ఆ అంచు మాత్రం కాస్త ఎక్కువ కాలిందని కూడా చెప్పింది. షిరీన్ నవ్వుతూ ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు.

నాలుగుంపావుకు తిరుగు రైలు. మిగిలిన చెక్కను షిరీన్ వాళ్లమ్మ రేకు కాగితంలో చుట్టి అమ్మ సంచిలో పెట్టింది. డెగ్గెన్‌డార్ఫ్‌లో డాన్యూబ్ ఒడ్డుకు కూడా వెళ్లలేదు. చూసిందంతా ఒక వంటిల్లే, అయినా ఏ ఊరి నుంచీ ఇంత నిండుగా తిరిగి రాలేదు.

ప్లాట్లింగ్ దాటాక ఉండబట్టలేక అన్నాను. "ఇన్నేండ్లు ఇంట్ల అడుగంటింది నువ్వే తిన్నవ్ గదమ్మా. మేమెవ్వరం ఒక్కసారన్న అడగలే."

"గదానికి ఏడుస్తరా? నాకదంటే పాణం. అందుకే అన్నమైనంక గూడ ఇంకో ఐదు నిమిషాలు పొయ్యి మీదుంచుతుంటి. చెప్తే మీరడుగుతరని చెప్పలే" అంది అమ్మ.

రేకు కాగితం విప్పి, చెక్కను రెండుగా విరిచి, చిన్న ముక్క నాకిచ్చింది.