మావయ్య గారు మూసేసిన డొంక దారి

అంతరిక్షంలో సామ్రాజ్యాలు కట్టే కంప్యూటర్ గేమొకటి ఉంది. అది నాకే ఒంటబట్టడానికి ఏడాది పట్టింది. ఇవాళ నందిగామలో మా ఇంటికొచ్చిన మావయ్య గారు "మాకూ నేర్పండి అల్లుడు గారూ" అంటే, సరేనని రెండు లాప్‌టాప్‌లు కలిపి కూర్చున్నా. ఆయనది చెవిటికల్లు, జీవితమంతా పత్తీ మిర్చీనే.

మంచి గ్రహాలున్న నక్షత్రాలు చూసుకోమని చెప్పా. ఆయన పోయి పోయి ఒక్క గ్రహం కూడా లేని ఒట్టి నక్షత్రాన్ని పట్టుకున్నారు.

"అందులో ఏమీ పండదండి మావయ్య గారూ" అని నవ్వా.

"పండక్కర్లేదండి. డొంక దారి దాని మీదుగానే కదా పోతోంది!"

గంట తర్వాత అర్థమైంది. ఈ గేమ్‌లో ఓడలు నక్షత్రాల మధ్య గీసిన దారుల్లోనే పోవాలి, నా ఓడలు బయటికి పోవడానికి అదొక్కటే దారి. దాన్ని ఆయన మూసేశారు. వదలమని బతిమాలితే, తాపీగా కాఫీ తాగుతూ "ఇద్దామండి. పెద్దమనుషుల్ని తీసుకురండి, కూర్చుని మాట్లాడదాం" అన్నారు.

అప్పట్నుంచీ నా సామ్రాజ్యం గడప దాటలా. మీలో పెద్దమనుషులెవరైనా ఉంటే కామెంట్లో చెయ్యెత్తండి. మా ఆవిణ్ణి అడగమని మాత్రం సలహా ఇవ్వకండి. అడిగా.

"నాన్న పొలం, నాన్న ఇష్టం" అంది.