అదనపు ఆర్డరు

ఇస్త్రీ పెట్టెల కంపెనీలో ఆయన ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది కానీ, ముక్కలు తయారుచేసే చిన్న షెడ్లలో అందరూ ఆయన్ను రాయబారి అనే పిలిచేవారు. కంపెనీ ఇస్త్రీ పెట్టెను గీస్తుంది, బిగిస్తుంది, అమ్ముతుంది. పిడి ఒకచోట, అడుగు పలక ఇంకోచోట, తీగ మరోచోట తయారవుతాయి. అవన్నీ ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చునేలా చూడటం ఆయన పని. చేతిసంచిలో కొలిచే పరికరం, మడతల దగ్గర చిరుగుతున్న డ్రాయింగులు, పాత కాగితాల్లో చుట్టిన నమూనా ముక్కలు ఉండేవి.

ఆయన అసలు నేర్పు మాటల్లో ఉండేది.

"ఆ గీసినావిడను ఒక్కపూట నా మిషను ముందు నిలబడమను. అంచు ఇంత నిలువుగా ఉంటే ముక్క అచ్చులోంచి ఎలా ఊడొస్తుంది? మంత్రం వేసి పిలవాలా?" అని పిడులు చేసే షెడ్డులో బావ అనేవాడు. సాయంత్రం కంపెనీకి చేరేసరికి అది, "అంచుకు కాస్త ఏటవాలు ఇస్తే బాగుంటుందని వారి సూచన" అయ్యేది. "చేతకాకపోతే చేతకాదని చెప్పమనండి" అని డిజైనరమ్మ విసుక్కుంటే, మర్నాడు షెడ్డులో అది "మీ అనుభవం మీద ఆవిడకు చాలా గౌరవం" అయ్యేది. కర్ర విరిగేది కాదు, పాము చచ్చేది కాదు, పిడి మాత్రం వేళకు తయారయ్యేది.

బావంటే సొంత అక్క మొగుడే. చదువు సగంలో ఆపి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆయనకు డ్రాయింగు చదవడం నేర్పింది బావే. నేల మీద సుద్దముక్కతో గీసి, "ఇది పైనుంచి చూస్తే, ఇది పక్కనుంచి చూస్తే" అని చెప్పేవాడు. ఆ చదువుతోనే ఆయన కంపెనీలో చేరాడు. తరవాత చాలా ఏళ్లకు, ఫలానావాడు మా బావ అని ముందే చెప్పి, పిడుల పని బావ షెడ్డుకు ఇప్పించాడు. పిడిని పోసే ఉక్కు అచ్చును చెక్కింది బావ. డబ్బు కంపెనీది కాబట్టి అచ్చు కంపెనీది. ఆ షెడ్డుకు బతుకు మాత్రం ఆ అచ్చే.

ఒక ఉదయం కొనుగోళ్ల మేనేజరు ఆయన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"ప్లాస్టిక్ ముక్కలన్నీ ఇకమీదట ఒకేచోట చేయించాలని పైవాళ్లు నిర్ణయించారు. పెద్ద ప్లాంటు. మీ బావగారి పనిలో వంక లేదు. అయినా ఇంతే."

"అచ్చు ఎప్పుడు తేవాలి?" అన్నాడు రాయబారి. తన నోట మొదట వచ్చింది ఆ ప్రశ్నేనని ఆయనకు తరవాత చాలాకాలం గుర్తుండిపోయింది.

"తొందర లేదు. కొత్తచోట అచ్చు బిగించి, పరీక్షలన్నీ అయ్యేదాకా మన లైను ఆగకూడదు. అన్నాళ్లకు సరిపడా పిడులు ముందే చేయించు. ఆర్డరు పెంచు."

"ఎందుకని అడిగితే?"

"అమ్మకాలు బాగున్నాయను. నిజమేగా."

ఆ వ్యాపారంలో అది రివాజు. అచ్చు తీసేసుకునే ముందు, ఆ షెడ్డు చేతనే అదనపు నిల్వ చేయించుకుంటారు. కారణం చెబితే ఎవరూ చేసివ్వరని భయం. పరాయి షెడ్లలో ఈ పని రాయబారి కూడా చేసినవాడే. అప్పుడు ఆయనకు నిద్ర బాగానే పట్టింది.

"నీకు ఇబ్బందైతే ఇంకొకర్ని పంపుతాను" అన్నాడు మేనేజరు.

రాయబారి ఒద్దన్నాడు. ఇంకొకరైతే బండి తెచ్చి అచ్చు ఎత్తుకుపోతారు, తానైతే సమయం చూసి మెత్తగా చెప్పగలడు అనుకున్నాడు. అన్ని మాటల్నీ మెత్తబరచగలనని నమ్మడమే ఆయన చేసిన తప్పు.

పెరిగిన ఆర్డరు చూసి బావ మొహం విప్పారింది. మిషను మోతకు పైగా గొంతెత్తి, "విన్నావటే? మీ తమ్ముడు ఈసారి ఉత్తచేతులతో రాలేదు" అన్నాడు.

"వాడెప్పుడొచ్చాడు ఉత్తచేతులతో? ఏదో ఒక ఫిర్యాదు మోసుకొస్తూనే ఉంటాడుగా" అంది అక్క.

అక్క షెడ్డు మూలన పీట మీద కూర్చుని, పిడుల అంచున మిగిలే పల్చటి ప్లాస్టిక్ రేకను చాకుతో గీసి తీసేది. ఆర్డరు పెరిగాక ఆదివారాలు కూడా కూర్చుంది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. "చూడరా, నీ పిడులు నా వేలు తినేస్తున్నాయి" అని నవ్వుతూ చూపించింది. ఆయన చూశాడు. మందు రాసుకోమన్నాడు.

బావ దగ్గర మొదటినుంచీ మిషను నడుపుతున్న మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఊరి అవతలి అంచున సీసాల ఫ్యాక్టరీ వాళ్లు ఆయన్ను పనికి పిలిచారు. స్థిరమైన ఉద్యోగం. వారం చివరికల్లా వచ్చేదీ రానిదీ చెప్పమన్నారు.

"వెళ్లకు మేస్త్రీ" అన్నాడు బావ. "ఆర్డరు చూశావుగా. నువ్వు పోతే నేనెవర్ని పెట్టుకోను? పని పెరిగేదే కానీ తగ్గేది కాదు."

మేస్త్రి వెంటనే ఒప్పుకోలేదు. స్టూలు మీద కూర్చుని పిడులు కొలుస్తున్న రాయబారి వైపు తిరిగాడు.

"అంతేనంటారా సార్? కంపెనీ లోపలి సంగతి మీకేగా తెలిసేది."

బావ కూడా అటే చూశాడు. రాయబారి చేతిలో పిడిని వెలుతురుకెత్తి, అందులో లేని గీతను వెతుకుతూ, "చూస్తున్నావుగా మేస్త్రీ, ఎన్ని అడుగుతున్నారో" అన్నాడు.

అందులో ఒక్క అబద్ధం లేదు. ఇన్నేళ్ల పనితనమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. మేస్త్రి తల ఊపి మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

తరవాత చెబుదామనే వచ్చేవాడు. బస్సులో వాక్యాలు పేర్చుకునేవాడు. షెడ్డు గేటు దగ్గరికి వచ్చేసరికి అవి చెదిరిపోయేవి. ఒక మధ్యాహ్నం అక్క అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏంట్రా, అలా కెలుకుతున్నావ్? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందక్కా."

"బాగుంటే ఆ మొహమేంటి, పరీక్ష తప్పినవాడిలా?"

చెప్పేవాడే. ఇంతలో బావ చేతులు తుడుచుకుంటూ వచ్చి, రాత్రిపూట కూడా మిషను నడపడానికి ఒక మనిషిని మాట్లాడానని ఉత్సాహంగా మొదలుపెట్టాడు. నిల్వ పూర్తయ్యాక చెబుదాం, ఈలోపు వాళ్లకు నాలుగు రాళ్లైనా వస్తాయి అని రాయబారి తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తనతో మాట్లాడేటప్పుడు కూడా ఆయన మెత్తగానే మాట్లాడుకునేవాడు.

నిల్వ పూర్తయింది. చెప్పకుండానే బండితో వచ్చాడు.

"అచ్చు తీసుకెళ్లాలి బావా" అన్నాడు గేటు దగ్గరే.

"ఎందుకు, మెరుగుకా? పాలిష్ మొన్ననేగా పెట్టాను."

"కాదు. ఇక పిడులు ఇంకోచోట చేయిస్తారట."

బావ మిషను వైపు చూశాడు. గోడ వెంట పేర్చి, కంపెనీకి వెళ్లడానికి సిద్ధంగా ఉన్న చివరి పెట్టెల వైపు చూశాడు. ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

"ఇన్ని చేయించింది ఇందుకా?"

"అవును."

"నీకు మొదట్నించీ తెలుసా?"

"తెలుసు బావా."

బావ అరవలేదు. అరిస్తే దానికి ఏదో ఒక జవాబు ఉండేది. ఆయన లోపలికెళ్లి గ్రీజు డబ్బా తెచ్చి, అచ్చును మిషను నుంచి విప్పి, దాని లోపలి నునుపంతా వేళ్లతో గ్రీజు పట్టించాడు. పసిపిల్లకు నూనె రాసినట్టు, మూలమూలకూ.

"దారిలో తేమ తగిలితే మచ్చలు పడతాయి. బిగించే ముందు మెత్తటి గుడ్డతో తుడవమను. గోకొద్దని చెప్పు" అన్నాడు. రెండు సగాలూ మూసి, గొలుసు తగిలించి, తనే ఎత్తించి బండి ఎక్కించాడు. అప్పుడు అన్నాడు: "ముందే చెప్పినా చేసిచ్చేవాణ్ణి కదరా. నీ నిల్వ నీకు ముట్టేది."

"భయపడ్డాను బావా."

"ఎవరికి? నాకా?"

బావ మిషను వైపు తల తిప్పాడు.

"ఆ మేస్త్రిని నేను ఆపాను. ఆయన అడిగినప్పుడు నువ్వు ఇక్కడే కూర్చున్నావు. వెళ్లి నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

ఖాళీ అయిన మిషను పక్కన మేస్త్రి దూదిపీచుతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"మేస్త్రీ, కంపెనీవాళ్లు కొన్ని మార్పులు..."

"మెత్తగా చెప్పకండి సార్. అచ్చు పోయింది. అంతేగా?"

"అంతే."

"సీసాల ఫ్యాక్టరీలో ఆ పనికి వేరే మనిషి చేరాడు. మొన్న బస్సులో కనిపించాడు. మంచోడే." దూదిపీచును డబ్బాలో పడేశాడు. "మీ బావగారి మాటకైతే నేను ఆగేవాణ్ణి కాదు. ఆయనకు ఆశ ఎక్కువ. మీరు ఆశకొద్దీ మాట్లాడే మనిషి కాదని ఆగాను."

ఆయన గొంతులో కోపం లేదు. తప్పుగా వచ్చిన కొలతను సరిచేసి చెబుతున్నట్టుంది.

అక్క ఇంతసేపూ పీట మీద నుంచి లేవలేదు. ముందున్న కుప్పలో మిగిలిన పిడుల అంచులు గీసేదాకా గీసింది. అన్నీ అయ్యాక అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, తెచ్చి తమ్ముడి చేతుల్లో పెట్టింది.

"ఇవీ తీసుకెళ్లు. ఇవి కూడా నువ్వడిగినవాటిలోవే."

"అక్కా..."

"బండివాడు హారన్ కొడుతున్నాడు. వెళ్లు."

పెట్టెను ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక ఉక్కు బరువుకు బండి నెమ్మదిగా కదిలింది. అద్దంలో షెడ్డు గుమ్మం కనిపించింది. గుమ్మంలో ఎవరూ లేరు.

సందు మలుపు తిరిగాక డ్రైవరు, "పాపం, పెద్దాయన చిన్నబోయాడు. మీకు బాగా తెలిసినవాళ్లా సార్?" అని అడిగాడు.

రాయబారి పెట్టె మీద తాడు ముడిని వేలితో కాసేపు తడిమాడు.

"సప్లయర్లు" అన్నాడు.